వంగితేనే వచ్చే పాట

బుజ్జమ్మా, నీ గురించి రాయడానికి కూర్చున్నాను. అక్షరాలు తప్పుపోతే నువ్వు నవ్వుతావని తెలుసు. నవ్వుకో, నేను మాత్రం ఆపను.

చదివేవాళ్ళందరికీ వందనాలు. నాకు ఒక్కతే కూతురు. మొన్న దీపావళి వెళ్ళిన వారంలో రాజమండ్రిలో ఒక ఆసుపత్రిలో ప్రాణం విడిచింది. డెంగ్యూ అన్నారు. ఐదు రోజుల జ్వరం. ఇరవై ఆరేళ్ళ పిల్ల. ఆ మధ్యాహ్నం నేను కొబ్బరిబొండం కోసం కిందకి వెళ్ళాను. బొండం పట్టుకుని మెట్లెక్కి వచ్చేసరికి, దాంతో కలిసి పనిచేసే ధవళేశ్వరం అమ్మాయి వరండాలో గోడకి ఆనుకుని నిలబడి ఉంది. నన్ను చూసి ఎదురు రాలేదు. రాకపోవడంతోనే నాకు తెలిసిపోయింది.

మా చర్చి సంఘం నెలనెలా వేసే ఈ పత్రికకి రెండు ముక్కలు రాసిమ్మని మా పాస్టరు అయ్యగారు అడిగారు. ఎప్పుడు పుట్టింది, ఎంతవరకు చదివింది, బైబిల్లో ఏ వాక్యం ఇష్టం అని అందరికీ వేస్తారు కదా, అలాగ. రెండు ముక్కలు నాకు చాలవండి అన్నాను. ఆయన, ఎంత కావాలంటే అంత రాయండమ్మా, పేజీలు నేను చూసుకుంటాను అన్నారు. నేను చదివింది ఐదో తరగతి. ఆ తరవాత చేలోకి దిగాను. నాకు వచ్చినట్టే రాస్తాను.

బుజ్జమ్మ అన్నది ముద్దుపేరు, దాని అసలు పేరు ఇందులో రాయడం లేదు. ఎందుకు రాయడం లేదో ముందుకి వెళ్ళాక చెప్తాను.

వాళ్ళ నాన్న దానికి తొమ్మిదో ఏడు ఉండగా పోయారు. గిటారు మా పాత అయ్యగారి భార్య నేర్పారు. కోయిర్‌లో ఆడపిల్ల గిటారు పట్టుకుంటే మొదట్లో కొంతమంది మొహాలు తిప్పుకున్నారు. తరవాత అలవాటు పడిపోయారు. భుజానికి తగిలించుకునే పట్టీ తెగిపోతే నా పాత చీర అంచు చింపి మూడు మడతలు వేసి కుట్టిచ్చాను. ఉద్యోగం వచ్చి జీతం తీసుకున్నాక కూడా దానితోనే వాయించింది. తీగలు సరిచేసేటప్పుడు గిటారు చెక్కకి చెవి ఆనించి కళ్ళు మూసుకునేది. ఏం వింటున్నావే అంటే, అలిగిన తీగ ఏదో కనుక్కుంటున్నాను అనేది.

డిగ్రీ అయ్యాక ధవళేశ్వరంలో ఇరిగేషన్ ఆఫీసులో కాంట్రాక్టు మీద కంప్యూటరు ఆపరేటరుగా చేరింది. ఏ కాలవకి ఎంత నీరు వదిలారో టైపు చేసే పని. వారమంతా అక్కడే రూములో ఉండి, శనివారం సాయంత్రం బస్సెక్కి రామచంద్రపురం వచ్చి, అక్కడినుంచి మా ఊరు వచ్చేది.

ఒక ఆదివారం గుడికి తయారవుతూ ఫోన్లో ఏదో పెట్టింది. సౌండు పెరగడానికి ఫోన్‌ని స్టీలు గిన్నెలో నిలబెట్టింది. గిటార్లు, డ్రమ్సు, ఇల్లంతా అదిరిపోయింది. ఏం గోలే ఇది అని వెళ్ళి చూశాను. ఎర్రటి దుమ్ము నేల. చెట్టూ చేమా లేదు. రేకుల షెడ్డు ముందు కొంతమంది మగవాళ్ళు నిలబడి వాయిస్తున్నారు. నల్లటి ఒళ్ళు, ఉంగరాల జుట్టు, ఒకాయన తలకి టోపీ. ఆ టోపీ ఆయన అచ్చం మా చిన్న తమ్ముడిలా ఉన్నాడు. మన పేటవాళ్ళలా ఉన్నారు, ఏ ఊరే అని అడిగాను.

"ఆస్ట్రేలియా అమ్మా."

"ఆస్ట్రేలియా అంటే క్రికెట్టు ఆడే తెల్లోళ్ళు కదే."

"వాళ్ళు నిన్నా మొన్నా వచ్చినోళ్ళు. వీళ్ళు ఎప్పటినుంచో ఉన్నోళ్ళు. ఆ నేల వీళ్ళదే."

అప్పుడు జడ వేయించుకుంటూ మొత్తం చెప్పింది. ఆ నేల వాళ్ళ దగ్గర లాక్కున్నారట, చిన్నపిల్లల్ని తల్లుల దగ్గరినుంచి తీసుకెళ్ళి ఎక్కడో పెంచారట, సొంత మాట మాట్లాడితే కొట్టారట. ఎంతోమంది పిల్లలు మళ్ళీ తల్లిని చూడలేదట. ఆ పిల్లల గురించీ, ఆ నేల గురించీ ఇప్పుడు వాళ్ళు గిటార్లు పట్టుకుని పాడుతున్నారు. ఇంగ్లీషులో పాడతారు, వాళ్ళ సొంత భాషల్లోనూ పాడతారు. దీన్ని రాక్ సంగీతం అంటారని చెప్పింది. వాళ్ళలో కొన్ని ఊళ్ళకి మన లూథరన్ మిషనరీలే వెళ్ళారట. మనలాగే కోయిర్లు ఉన్నాయట, అరవాల్సినవి అక్కడ అరవలేక బయటికొచ్చి అరుస్తున్నారు అని నవ్వింది.

ఆ పాట దేని గురించి అని అడిగాను. పిల్లల్ని తీసుకెళ్ళిపోయిన పాటే అంది. ఇంకోసారి పెట్టు అన్నాను. ఒక్క ముక్క అర్థం కాలేదు. జడ సగంలో ఆపేసి విన్నాను. ఆ రోజు గుడికి ఆలస్యంగా వెళ్ళాం.

అప్పటినుంచి శనివారం వచ్చిందంటే ఒక కొత్త పాట తెచ్చేది. ఆడవాళ్ళు పాడినవి కూడా వినిపించేది. కొన్నిట్లో రెండు కర్రముక్కలు టక్ టక్‌మని కొట్టేవారు, పొడుగాటి బూర ఒకటి పొట్టలోంచి మూలిగినట్టు మోగేది. నువ్వు కూడా అలాంటి బూర ఒకటి తెచ్చుకోవే అన్నాను ఒకసారి. అది తల అడ్డంగా ఊపింది. "అది వాళ్ళదమ్మా. వాళ్ళ పాట పాడితే కాపీ కొట్టినట్టు. వాళ్ళు చేసిన పని చేస్తేనే నేర్చుకున్నట్టు" అంది. ఈ మాట చాలాసార్లు అనేది. నాకు అప్పుడు సరిగా ఎక్కలేదు.

పాటలు వాయించుకోవడానికి ధవళేశ్వరంలో సైకిలు షాపు మీద ఒక గది తీసుకుంది. గోడలకి కోడిగుడ్ల అట్టలు అంటించుకున్నారు, సౌండు బయటికి పోకుండా. బ్యాండు అంటే ఇద్దరే. మా అమ్మాయి గిటారు, ఇందాక చెప్పిన ఆఫీసు అమ్మాయి డ్రమ్సు. అట్టలు అంటించినా లాభం లేదు. మీ పాట మొదలైతే నా సైకిళ్ళ బెల్లులు వాటంతటవే మోగుతున్నాయమ్మా అని షాపాయన అన్నాడట. మా గోలకి తాళం వేసేది మీరొక్కరేనండి అందట ఇది.

నేనూ గోల అనేదాన్ని. ఒక్కసారి మాత్రం కోపం తెచ్చుకుంది. "గోల కాదమ్మా. మెల్లగా చెప్తే వినలేదు, అందుకని గట్టిగా చెప్పడం" అంది.

అసలు సంగతికి వస్తున్నాను.

నేను ముప్పై ఐదేళ్ళుగా వరి నాటే ఊడుపులకి వెళ్తున్నాను. మా ముఠాలో పాట ఎత్తేది నేనే. ఒకరు ఎత్తితే మిగతావాళ్ళు అందుకోవాలి. మా అమ్మ దగ్గర నేర్చుకున్న పాట ఒకటి ఉంది. నేను "నీరెక్కడ ఆగిందే నారు వేసే వేళ" అంటే, వాళ్ళు "కాలవ గట్టు దాటి మన కాళ్ళ దగ్గరే" అంటారు. పిల్ల గట్టు మీద కూర్చుని చిన్నప్పుడు వినేది. గుడిలో మాత్రం ఎప్పుడూ పాడలేదు. అవి లోకపాటలు, దేవుడి పాటలు కావు అని పెద్దవాళ్ళు చెప్పారు, సరే అనుకున్నాను.

ఆ పాట పాడమని అడిగింది మా అమ్మాయి. ఒకసారి కాదు. నేను టైపు చేసిన నీళ్ళే నీ కాళ్ళ దగ్గరికి వస్తున్నాయి, ఆ నీళ్ళ పాట నాకు కావాలి అంది. నా గొంతు దేనికే, మైకు ముందు నేనేంటి అన్నాను. అది వదల్లేదు. చివరికి నాకు చిరాకొచ్చింది. "నిన్ను చదివించింది ఆ బురదలోంచి బయటపడాలనే కదే. మళ్ళీ ఆ బురద పాట నీకెందుకు" అన్నాను.

అది నా వైపు చూసి నెమ్మదిగా అంది. "నేను బయటపడ్డానమ్మా. పాట ఒక్కటీ అక్కడే ఉండిపోవాలా?"

చూద్దాంలే అన్నాను. చూద్దాంలే అంటూ ఒక ఏడాది గడిపేశాను. జ్వరం వచ్చే ముందు శనివారం కూడా అడిగింది. క్రిస్మస్ వెళ్ళాక చూద్దాంలే అన్నాను. నేను చేసిన తప్పు ఇదే. ఇందులో ఎవరినీ అనడానికి లేదు.

భూస్థాపన అయ్యాక మమ్మల్ని ఓదార్చడానికి ఆదరణ కూడిక పెట్టారు. మా ఆయన అన్నగారు సంఘ పెద్ద. మా ఆయన పోయాక మా ఇద్దరినీ చూసుకున్నది ఆయనే, ఈ మాట ఎక్కడైనా చెప్తాను. వీధి మొదట్లో కట్టడానికి ఆయన పెద్ద ఫ్లెక్సీ వేయించబోయారు. ప్రభువునందు నిద్రించినది అని రాసి, కింద పెద్ద అక్షరాలతో పేరు. ఫోటో వేయించండి, పేరు వద్దు బావగారూ అన్నాను. "పేరు లేని ఫ్లెక్సీ ఏంటమ్మా, ఈ ఊళ్ళో బతికున్నోళ్ళే పుట్టినరోజులకి పేర్లు వేయించుకుంటుంటే" అన్నారాయన. నేను వద్దంటే వద్దన్నాను. ఆయన విసుక్కున్నారు గానీ వేయించలేదు.

ఎందుకు వద్దన్నానో ఇప్పుడు చెప్తాను. ఆ ఆస్ట్రేలియావాళ్ళలో చాలా చోట్ల మనిషి పోతే కొంతకాలం పేరు పలకరట. పాటలు పాడిన మనిషైతే ఆ పాటలు కూడా పక్కన పెడతారట. ఇంటివాళ్ళు సరే అన్నాకనే మళ్ళీ బయటికి తీస్తారట. ఇది మా అమ్మాయే ఎప్పుడో చెప్పింది. వాళ్ళ ఆచారం అరువు తెచ్చుకున్నానని అనుకోకండి, అలా తెచ్చుకుంటే దానికే నచ్చదు. నా నోటికి ఆ పేరు ఇంకా రావడం లేదు, అంతే. పిలవబోతే అక్కడే ఆగిపోతోంది. కాకపోతే ఎక్కడో ఎర్రమట్టి నేల మీద కూడా తల్లులకి ఇలాగే ఆగిపోతుంది కాబోలు అనుకుంటే, నేనొక్కదాన్నే పిచ్చిదాన్ని కాదని అనిపించింది.

క్రిస్మస్‌కి వారం ముందు ధవళేశ్వరం అమ్మాయి స్కూటీ వేసుకుని మా ఇంటికి వచ్చింది. బ్యాగులో లాప్‌టాప్ ఉంది. చాలాసేపు తీయలేదు. టీ తాగి, గ్లాసు తనే కడిగిపెట్టి, అప్పుడు చెప్పింది. వాళ్ళిద్దరూ కట్టిన పాట మొత్తం రికార్డు అయిపోయిందట, మీ అమ్మాయి గొంతూ గిటారూ అన్నీ ఉన్నాయి ఆంటీ, వినిపించమంటారా అంది. పెట్టమన్నాను.

దాని గొంతు విన్నాను. ఏడుస్తాననుకున్నాను గానీ ఏడవలేదు. మా ఊరి మాటల్లో పాడింది. నీళ్ళు పారే బోదె, గట్టు, నారు పోసే ఆకుమడి, జలగ, అన్నీ ఉన్నాయి అందులో. గిటారు గట్టిగా, కోపంగా ఉంది. సగం అయ్యాక గిటారు ఆగిపోయింది. గొంతు ఆగిపోయింది. వెనక డ్రమ్ము ఒకటే మెల్లగా మోగుతోంది, ఇంకేమీ లేదు. ఏమైంది, చెడిపోయిందా అని అడిగాను.

"చెడిపోలేదు ఆంటీ. అది మీ చోటు. మీరు ఎప్పటికైనా పాడతారని ఖాళీ వదిలింది."

పాట ఆపి ఆ అమ్మాయి మళ్ళీ అంది. "మీరు వద్దంటే ఇలాగే ఉంచేస్తాను. బయటపెట్టమన్నా మీరే చెప్పాలి. మీరు చెప్పేదాకా ఎవరికీ వినిపించను."

నేను రేపే వస్తాను అన్నాను.

బావగారికి చెప్పే వెళ్ళాను. దొంగతనంగా చేసే పని కాదది. ఆయనకి నచ్చలేదు. పిల్ల పోయి రెండు నెలలు కాలేదు, డ్రమ్సుతో ఊడుపు పాటేంటి, సంఘంలో ఏమనుకుంటారు అన్నారు. ఆయన బాధా నిజమే. నేను ఒకటే చెప్పాను. "బతికుండగా అడిగింది, చేయలేదు బావగారూ. ఇప్పుడు చేస్తాను. ఎవరేమనుకున్నా చేస్తాను." ఆయన గుడిలో మాత్రం వద్దమ్మా అన్నారు. గుడిలో పాడతానని నేను అడగలేదు.

గుడ్ల అట్టల గదిలో ఆ అమ్మాయి నన్ను మైకు ముందు నిలబెట్టింది. చెవులకి పెద్ద హెడ్‌ఫోన్లు పెట్టింది. డ్రమ్ము మోగింది. నోరు తెరిచాను. ఏమీ రాలేదు. నాలుగుసార్లు పెట్టింది. మొదటి మాటే గుర్తు రాలేదండీ, ఇన్నేళ్ళుగా పాడిన పాట. దాహం వేస్తోందా ఆంటీ అంది ఆ పిల్ల. లేదు, నడుం వంచి చూస్తాను అన్నాను. వంగాను. ఎడమచేత్తో నారు కట్ట పట్టుకున్నట్టు పెట్టుకుని, కుడిచేత్తో నేల మీద నాటడం మొదలెట్టాను. అప్పుడు వచ్చింది పాట. గొంతులోంచి కాదు, నడుములోంచి వచ్చింది.

కానీ ఊడుపంటే వెనక్కి వెనక్కి నడవాలి కదా. నేను నాటుకుంటూ వెనక్కి నడిచి మైకుకి దూరం అయిపోయాను. హెడ్‌ఫోన్ల వైరు ఊడిపోయింది. తలుపు దాటి మెట్ల మీదికి వచ్చేశాను. కింద సైకిలు షాపాయన, పడతారమ్మా అని కేకేశాడు. ఆ పిల్లా నేనూ ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వాం. మా అమ్మాయి పోయాక నేను నవ్వడం అదే మొదలు. నవ్వినందుకు తరవాత బస్సులో సిగ్గుపడ్డాను.

ఇంకో చిక్కు కూడా అప్పుడే తెలిసింది. నేను ఎత్తి ఆగినప్పుడు అందుకునేవాళ్ళు లేరు. అందుకోకపోతే రెండో మాట నాకు రాదు. ఆ పాట నా ఒక్కదానిది కాదు. మైకు ఇక్కడికి కాదమ్మా, చేలోకి తేవాలి అని చెప్పాను.

సంక్రాంతి వెళ్ళాక రెండో పంట, దాళ్వా ఊడుపులు ఇంకా సాగుతున్నాయి. మా ముఠా పదకొండు మందిమి. వాళ్ళకి విషయం చెప్పాను. ఒకరిద్దరు, లోకపాట రికార్డులో పెడితే అయ్యగారు ఏమంటారో అని భయపడ్డారు. మాలో అందరికన్నా పెద్దావిడ ఒకటే అంది. "ఆ పిల్ల మన పాట అడిగింది. మనల్ని ఇంకెవరైనా ఏదైనా అడిగారా ఇన్నాళ్ళలో?" అందరూ సరే అన్నారు.

ధవళేశ్వరం అమ్మాయి జీన్సు మోకాళ్ళ దాకా మడుచుకుని బురదలోకి దిగింది. పొడుగాటి వెదురుకర్రకి మైకు కట్టి పట్టుకుంది. ఈ పిల్ల నాటేది నారా, మైకా అని మావాళ్ళు ఆటపట్టించారు. కాలికి జలగ పట్టుకుంటే గట్టు మీదికి ఒక్క గెంతు గెంతింది, మా పెద్దావిడ పీకేశాక మళ్ళీ దిగింది. చేను గలాయన మోటారుసైకిలు మీద వచ్చి చూశారు. పాటలు పాడుకుంటూ కూర్చుంటే పని ఆగుద్ది కదమ్మా అన్నారు. "పాట ఆగితేనే పని ఆగుద్దండి బాబుగారూ, మీరు కూడా దిగి అందుకోండి" అంది మాలో ఒకామె. ఆయన నవ్వుకుని, ఇంజను ఆపేసి గట్టు మీదే నిలబడ్డారు. వచ్చే ఏడాదికి నాటే మిషను తెప్పిస్తున్నారని మాకు ముందే తెలుసు. ఆయనకీ అది గుర్తొచ్చిందేమో.

నేను వంగాను. నీళ్ళు చల్లగా ఉన్నాయి. ఎత్తాను.

నీరెక్కడ ఆగిందే నారు వేసే వేళ.

పదిమంది గొంతులు అందుకున్నాయి. మేము నాటుకుంటూ వెనక్కి నడుస్తుంటే ఆ పిల్ల మైకు మా మీదికి వంచుకుని, మాతోపాటే అడుగులో అడుగు వేస్తూ వచ్చింది. ఒకసారి గాలి వచ్చి పాడైపోయింది, ఒకసారి కాలవగట్టు మీద లారీ హారను కొట్టింది. మూడోసారి మడి ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా పాట ఆపలేదు. ఆ చివర నడుం ఎత్తి చూస్తే, మేము నాటినదంతా పచ్చగా వరసల్లో నిలబడి ఉంది. ఆ పిల్ల కళ్ళు తుడుచుకోబోయి మొహమంతా బురద పూసుకుంది.

ఆ గట్టు మీదే ఫోన్లో రెండూ పైపైన కలిపి నాకు వినిపించింది. మా అమ్మాయి గొంతు ఆగింది, నా గొంతు మొదలైంది, మావాళ్ళు అందుకున్నారు, మళ్ళీ మా అమ్మాయి గిటారు వచ్చి మా అందరినీ పైకి లేపింది. ఇంకా అతకాలి ఆంటీ, సరిచేయాలి అంది. అవన్నీ చేసుకో, కానీ మా వెనక నీళ్ళ చప్పుడు తీసెయ్యకు అన్నాను. తరవాత నిటారుగా నిలబడి, అందరూ వినేటట్టు చెప్పాను.

"అయిపోయాక బయటపెట్టెయ్యమ్మా. తల్లిని, నేను చెప్తున్నాను."

పాట ఇప్పుడు ఫోన్లలో ఉంది. గోల అనేవాళ్ళు అంటున్నారు. బావగారు విన్నారో లేదో నాకు తెలియదు, నేను అడగలేదు. మొన్న బస్టాండులో ఎవరో కాలేజీ పిల్లలు పెట్టుకుని వింటుంటే పక్కన నిలబడి విన్నాను. అది నా గొంతని వాళ్ళకి చెప్పలేదు. ఇంకో రెండు పాటలు ఎత్తాలని మావాళ్ళు అంటున్నారు. ఎత్తుతాను. ఆ మిషను వచ్చేలోపు, మా అమ్మ నేర్పినవి ఎన్ని గుర్తుంటే అన్నీ ఎత్తుతాను. ధవళేశ్వరం అమ్మాయి ఆదివారాలు వస్తానంది.

పేరు ఎప్పుడు నోటికి వస్తే అప్పుడు పలుకుతాను. ఎవరూ తొందరపెట్టకండి.

చేలో ఆ రోజు పాట అయ్యాక పొద్దు నడినెత్తికి వచ్చింది. బోదెలో చేతులు కడుక్కుని పదకొండు మందిమీ గట్టు మీద వరసగా కూర్చున్నాం, ఆ పిల్ల మా మధ్యన. క్యారేజీలు విప్పారు. నేనేమీ తెచ్చుకోలేదు. అడక్కుండానే అటునుంచి ఒకరు, ఇటునుంచి ఒకరు నా ముందు మూతలో అన్నం పెట్టారు, గోంగూర పచ్చడి వేశారు, ఎవరో ఎండుచేప ముక్క వేశారు. ఆకులమీద ఎండ పడుతోంది. కొత్తగా నాటిన నారు నీళ్ళలో కొంచెం కొంచెం ఊగుతోంది. ఆ పిల్ల ఫోన్లో పాట మళ్ళీ మొదలైంది. దీపావళి తరవాత నేను కడుపునిండా తిన్నది ఆ రోజే.

ఇది చదివినవాళ్ళు, పొద్దుపోయిందని మానేయకుండా, వేళకి కూర్చుని కడుపునిండా అన్నం తినండి.